పామీరు కిటికీ

అన్న చనిపోయిన దేశం ఎట్లా ఉంటుందో చూడాలని అవ్వ అడిగింది కాబట్టి ఆ ఎండాకాలం మేం కరీంనగర్ వెళ్లాం. లేకపోతే ఫోటోల ఎగ్జిబిషన్‌కు పోయే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. మేం అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం.

మే నెల. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి సెలవులు. పసుపు అమ్మకం అయిపోయి బాపు ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఏంజెల్ వదిన పెళ్లి జూన్‌కు ఖాయమైంది. వదిన అంటే మా జేమ్స్ అన్న భార్య. అన్న పోయాక పుట్టింటికి పోకుండా మెట్‌పల్లిలో మాతోనే ఉండిపోయింది. ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పిల్లలు లేరు, చిన్న వయసు, ఎన్నాళ్లిట్లా అని అవ్వే ఆలోచించి, చర్చిలో నలుగురినీ అడిగి, ఖానాపూర్‌లో డేవిడ్ అనే అతన్ని చూసింది. డీసీఎం వ్యాను నడుపుతాడు. భార్య జబ్బు చేసి పోయింది. వదిన మొదట వద్దంది. తర్వాత కొన్నాళ్లు ఏమీ అనలేదు. ఒకరోజు మిషన్ తొక్కుతూ తల ఎత్తకుండానే సరేనంది. ఆ పూట అవ్వ వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

అన్న దుబాయికి రోడ్ల కంపెనీలో పనికి పోయాడు. అక్కడి నుంచి ఆ కంపెనీవాళ్లే కొందరిని తజికిస్తాన్‌కు, పామీరు కొండల్లో సొరంగం పనికి తీసుకుపోయారు. ఆ పేరు బాపు నోరు తిరగదు, మంచు దేశం అంటాడు. ముందటేడు చలికాలంలో మంచుచరియ విరిగి పడిందని ఫోన్ వచ్చింది. తర్వాత పెట్టె వచ్చింది. తెరవొద్దన్నారు, చూడలేరన్నారు. మేం తెరవలేదు. చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చాం.

పేపర్లో జిల్లా పేజీ చదువుతుంటే ఆ దేశం పేరు కనబడింది. కరీంనగర్‌లో కోర్టు దగ్గరి పాత హాల్లో, సిరిసిల్ల పిల్లగాడొకడు అక్కడ తిరిగి తీసిన ఫోటోలు పెట్టాడట. పైకి చదివాక ఎందుకు చదివానా అనిపించింది. అవ్వ బియ్యం ఏరుతున్నది ఆపేసింది.

"పోదాం బిడ్డా," అంది. "నా కొడుకు ఆఖరికి ఏం జూసిండో నేను గూడ జూస్త."

బాపు రానన్నాడు. వదిన రాదనుకున్నాను. పొద్దున చూస్తే చీర కట్టుకుని తయారుగా ఉంది.

హాల్లో జనం పలచగా ఉన్నారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నా గోడలు సెగ కొడుతున్నాయి. ఫోటోల్లో మాత్రం ఎక్కడ చూసినా చలి. చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు. నీలి చెరువు, దాని ఒడ్డున ఎవరూ లేరు. గోడ మీద వరుసగా పెట్టిన మేకపోతు కొమ్ములు. బుగ్గలు పగిలి ఎర్రబడ్డ పిల్లలు. అవ్వ ప్రతి ఫోటో దగ్గరా ఆగి, కండ్లద్దాలు తుడుచుకుని చూస్తూ, గీడ ఏం పండుతది, నీళ్లు ఏడికెళ్లి తెచ్చుకుంటరు అని అడుగుతూ వచ్చింది. ఒక కొండ దగ్గర, ఇక్కడ చచ్చిపోతే ఏడ్చినా ఎవరికీ వినబడదు అని తనలో తాను అనుకుంది. వదిన మాకంటే ముందు పోతోంది. చివరి గోడ మూల దగ్గర కాసేపు నిలబడి, ఉన్నట్టుండి పక్కకు తప్పుకోవడం నేను చూశాను. అప్పుడు ఏమీ అనుకోలేదు.

ఆ మూలకు అవ్వ చేరింది. చేరి, ఇక కదల్లేదు.

తోవ పక్కన చిన్న చాయ హోటల్. మట్టిగోడలకు సున్నం, కప్పు మీద తొలిమంచు. ఒక్కటే కిటికీ. దాని అద్దమంతా ఆవిరి పట్టి ఉంది. ఆవిరి తుడిచినచోట లోపల ఒక మనిషి. మందపాటి కోటు, ఉన్ని టోపీ, గడ్డం. ఎడమ చెవి కొంచెం ముందుకు పెట్టి నిలబడ్డాడు. మా అన్నకు చిన్నప్పుడు చీము పట్టి కుడి చెవి పోయింది. ఎవరు పిలిచినా అట్లాగే తిరిగేవాడు. ఆ మనిషి అట్లా తిరిగి, సూటిగా నా మొఖంలోకి చూస్తున్నాడు.

నేను అవ్వ కొంగు పట్టుకున్నాను. అవ్వ మాత్రం ఏడవలేదు, అరవలేదు. చేయి చాచి అద్దం మీద పెట్టి, అన్న వాకిట్లో ఆడుకుంటుంటే అన్నానికి పిలిచినంత మామూలుగా పిలిచింది.

"జేమ్సూ. ఇంటికి రా కొడుకా."

వెంటనే చేయి వెనక్కి తీసుకుంది. చల్లగుందంది. నేనూ ముట్టుకుని చూశాను. మంచుగడ్డను ముట్టినట్టుంది. పక్క ఫోటో మీద చేయి పెడితే అది గోడలాగే వేడిగా ఉంది.

వదినను పిలిచాను. ఆమె దూరం నుంచే చూసి, "ఆయన కాదు," అంది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి అదే మాట అని, చెప్పులు వేసుకుని బయటికి పోయి మెట్ల మీద ఎండలో కూర్చుంది.

మేం అక్కడే నిలబడిపోవడం చూసి ఫోటోలు తీసినతను వచ్చాడు. పేరు ప్రణయ్. సిరిసిల్లలో వాళ్ల నాన్నది మగ్గాల పని. కరీంనగర్‌లో తనకు స్టూడియో ఉంది. పెళ్లిళ్ల ఫోటోలు తీసి కూడబెట్టుకుని ఆ దేశం తిరిగొచ్చాడు. అవ్వ అతన్ని ఒక్కటే అడిగింది, ఇది ఎప్పుడు తీసినవని. నిరుడు సెప్టెంబరు అన్నాడు. అప్పటికి మేం పెట్టెను పూడ్చి తొమ్మిది నెలలు దాటింది.

విషయం చెబితే అతను నవ్వుతాడనో, జాలిపడి పంపేస్తాడనో అనుకున్నాను. అతను పక్కనున్న కుర్చీ తెచ్చి అవ్వను కూర్చోబెట్టి, తానూ కింద కూర్చున్నాడు. జీపు చెడిపోయి ఆ హోటల్ దగ్గర ఒక పూట ఆగారట. ముసలామె ఒకతె నడుపుతుంది. లోపల పనిచేసే మనిషి ఒకడున్నాడు గాని బయటికి రాలేదు. తాను హిందీలో పలకరిస్తే చెవి ముందుకు పెట్టి విన్నాడు, జవాబు చెప్పలేదు. ఫోటో తీసేటప్పుడు కిటికీలో ఎవరూ లేరనే తన నమ్మకం. ఇంటికి వచ్చి చూసుకుంటే ఉన్నాడు.

"ఆయన మొఖం నాకు సరిగ యాదికి లేదు పెద్దమ్మా. ఫోటోల ఎట్లున్నడో గదే తెలుసు. ఎప్పుడు జూసినా కిందికి జూస్తుంటడు, చేతిల కెటిల్ దిక్కు."

నేను మళ్లీ ఫోటో చూశాను. ఆ మనిషి కిందికి చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు. అవ్వ వైపు తిరిగితే ఆమె మొఖం వెలిగిపోతోంది. కిందికేం చూస్తున్నాడు, నవ్వుతున్నాడు గదా అంది.

మేం ముగ్గురం ఒకరి మొఖాలు ఒకరం చూసుకున్నాం. ఆ మాట సాగదీస్తే ఏమవుతుందోనని నాకు భయమేసింది. ప్రణయ్ లేచి ఆ ఫోటోను గోడ మీది నుంచి దించి, పేపరు చుట్టి అవ్వ చేతుల్లో పెట్టాడు. బస్సులో అవ్వ దాన్ని కొంగు కింద పట్టుకుని కూర్చుంది. వదిన వేరే సీట్లో కూర్చుని దారంతా కిటికీలోంచి బయటికే చూసింది.

బాపు దాన్ని వాకిట్లో వెలుతురులో పట్టుకుని చూశాడు. చూసి చూసి, వీడు కండ్లు మూసుకున్నాడేంది అన్నాడు. తెల్లారి గడ్డపార భుజాన వేసుకుని చర్చికి పోయాడని తెలిసి అవ్వా నేనూ ఉరికాం.

పాస్టరు అయ్యగారు సమాధుల తోట గేటు దగ్గర బాపు చేయి పట్టుకుని ఉన్నారు. తాసిల్దారు హుకుం లేకుండా సమాధి తవ్వితే అందరం జైలుకు పోతామని చెబుతున్నారు. బాపు వినే స్థితిలో లేడు. లోపల నా కొడుకు ఉన్నాడో లేడో నాకు తెలియాలె అనే మాటే మళ్లీ మళ్లీ అంటున్నాడు. మా బాపు తోమాసు గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

అవ్వ వాళ్లను దాటుకుని పోయి సమాధి మీద కూర్చుంది.

"అండ్ల ఎవలున్నా ఇన్నొద్దులు నా కొడుకనే ఏడ్చిన," అంది. "ఇప్పుడు కాదని లేపితే వాడు ఏడికి పోతడు? వాని తల్లి ఏ దేశంల ఉన్నదో. లేపకు."

బాపు గడ్డపార కింద పెట్టాడు. అయ్యగారు ప్రార్థన చేయబోయి, ఎవరి పేరు చెప్పాలో తోచక ఆగిపోయారు. ఆ తర్వాత కూడా అవ్వ ఆదివారం ఆదివారం ఆ సమాధి మీద పూలు పెట్టడం మానలేదు. అన్న పేరు మాత్రం పలికేది కాదు. ఓ బిడ్డా అని పిలిచి, మీ అవ్వ నీ కోసం ఎదురుచూస్తుంటదిరా అని చెప్పి వచ్చేది.

మేం జగిత్యాల పోయి కలెక్టరాఫీసులో అధికారులను కలిసి ఫోటో చూపించాం. పోలిక ఉన్నంత మాత్రాన మనిషి అతనే అనలేం, అయినా ఆ దేశానికి రాస్తాం అన్నారు. రాశారేమో. కబురైతే రాలేదు.

ఫోటోను అవ్వ ముందు గదిలో మేకుకు తగిలించింది. వదిన ఆ రోజే మిషన్ బయట అరుగు మీదికి జరుపుకుంది. ఎండకు జాకెట్ గుడ్డలు కాలిపోతున్నాయి, లోపల కుట్టుకో అంటే వినలేదు. రోహిణి కార్తె ఎండలు. రేకుల ఇళ్లలో జనం ఉండలేక చెట్ల కింద మంచాలు వేసుకుంటున్నారు. మా ముందు గది చల్లగా ఉండేది. మొదట నేను హాయి అనుకున్నాను. పక్కింటి కనకవ్వ, మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆమె, ఏసీ పెట్టించారా అని పరాచికమాడి, రోజూ మధ్యాహ్నం పని తెచ్చుకుని మా ఇంట్లోనే కూర్చునేది. నాలుగు రోజులు వచ్చింది. తర్వాత రాలేదు. వాకిట్లో కనబడితే ఎందుకు రావట్లేదని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సల్లగనే ఉంటది గని మహిమా, ఎవలో నిలవడి ఇంటున్నట్టుంటది. మాట్లాడ బుద్ధిగాదు."

అది నిజమే. ఆ గదిలో మేం కూడా మాటలు తగ్గించాం. బాపు లోపలికి పోతే శాలువా కప్పుకునేవాడు. ఫోటో అద్దం లోపలివైపు నీటి బొట్లు పట్టేవి. అవ్వ కొంగుతో పైపైన తుడిచి, వానికి ఆడ మస్తు సలి ఉన్నట్టుంది అనేది. ఒక మధ్యాహ్నం నేను అక్కడే చాప మీద ఒరిగి నిద్రపోయి లేచాను. బయట తారు కరుగుతోంది. నా నోట్లోంచి ఆవిరి వచ్చింది. మళ్లీ ఊది చూస్తే రాలేదు. ఆ రోజు నుంచి నేను ఆ గదిలో పడుకోలేదు.

పెళ్లి దగ్గరికి వచ్చింది. దాని ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. అవ్వ వదినతో మాట్లాడటం మానేసింది. పోట్లాట లేదు, అన్నం పెట్టేది, నీళ్లు తోడి పెట్టేది, మాటలే లేవు. కొడుకు బతికుండగా కోడలికి తానే ఇంకో పెళ్లి కుదిర్చిందన్న బాధ ఆమెది. వదిన మీద నాకూ కోపంగానే ఉండేది. భార్య అయ్యుండి ఎట్లా గుర్తుపట్టదు అనుకునేదాన్ని. వదిన మాత్రం అరుగు మీద కూర్చుని తన పెళ్లి జాకెట్టు తానే కుట్టుకుంది.

ఒకరోజు డేవిడ్ వచ్చాడు, పెళ్లి బట్టల సంగతి మాట్లాడటానికి. అవ్వ దాచలేదు. కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. ఆయన విని, చెప్పులు విడిచి ముందు గదిలోకి పోయాడు. మేం గుమ్మంలో నిలబడ్డాం. ఆయన చాలాసేపు చూశాడు. ముందుకు వంగి చూశాడు, పక్కకు తిరిగి చూశాడు.

"నాకైతే కిటికీ ఒక్కటే కనిపిస్తుందమ్మా," అన్నాడు చివరికి. "మనిషి కనిపిస్తలేడు."

అవ్వ కోపం తెచ్చుకోలేదు. నీకు తెలియని మనిషి, నీకెట్లా కనిపిస్తాడు అంది. డేవిడ్ బయటికి వచ్చి అరుగు దగ్గర ఆగాడు. వదిన మిషన్ ఆపింది. ఆయన ఆమెకు కొంచెం దూరంలో నిలబడి, ఆయన బతికే ఉన్నాడని మీకు అనిపిస్తే నేను ఆగుతాను, నాకేం తొందర లేదు, వద్దన్నా బాధపడను అన్నాడు. అంత మంచి మాట విని కూడా వదిన కళ్లు తడవలేదు. ఆమె చేతుల్లో గుడ్డ మాత్రం నలిగిపోతోంది.

"ఆయన కాదు. మీరు ఫికర్ చెయ్యకున్రి. జూన్ల అనుకున్నది జూన్లనే కానియ్యున్రి."

పెళ్లి రోజు తొలకరి పడింది. చర్చి రేకుల మీద వాన చప్పుడుకు అయ్యగారి మాటలు సగం వినబడలేదు. వదినకు ముసుగు అవ్వే వేసింది. వేసి, మొఖం సర్ది, అన్ని రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడింది, ఆకలిగా ఉండకు, ఏమన్నా తిని పో అని. బాపు ఆమెను చేయి పట్టుకుని నడిపించి డేవిడ్‌కు అప్పగించాడు, తండ్రిలాగే. సామాను తీసుకోవడానికి ఇంటికి వచ్చినప్పుడు వదిన ముందు గది గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి అడుగు పెట్టలేదు. తన మిషన్ వ్యానులో ఎక్కించారో లేదో చూసుకుని వెళ్లిపోయింది.

ఇల్లు ఖాళీ అయినట్టుంది. వానలు పడి బయట చల్లబడ్డాక ముందు గదికీ మిగతా ఇంటికీ తేడా తెలియడం లేదు. నాకు బడి తెరిచారు. అవ్వ ఫోటో ముందు కూర్చుని చేసే పనులు చేసుకుంటూనే ఉంది. చింతపండు గింజలు తీయడం, వెల్లుల్లి ఒలవడం.

జూలై చివర్లో ప్రణయ్ మెట్‌పల్లికి వచ్చాడు. ఫోన్‌లో చెప్పే మాట కాదని బస్సెక్కి వచ్చాడు. ఆ దేశంలో తనకు జీపు నడిపిన డ్రైవరుకు ఆ ఫోటో పంపి, మంచు కరిగి తోవ తెరిచాక ఆ హోటల్‌కు పోయి అడగమని చెప్పి ఉంచాడట. డ్రైవరు పోయాడు. ముసలామెతో మాట్లాడాడు.

ప్రణయ్ మా ముగ్గురినీ చూస్తూ మెల్లగా చెప్పాడు. ఆ మనిషి మంచుచరియ పడ్డ తర్వాత కొన్ని రోజులకు కొండ దిగి నడుచుకుంటూ వచ్చాడట. చేతులకు తొడుగులు లేవు, చెవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ముసలామె ఇంట్లోకి తీసుకుని వేడినీళ్లు పోసింది. పేరు అడిగితే చెప్పలేదు, ఏ భాషలోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఉండమంటే ఉన్నాడు, చెప్పిన పని చేశాడు. అన్నం కొంచెమే తినేవాడు. నిప్పు దగ్గర కూర్చోబెట్టినా అతని చేతులు వేడెక్కేవి కావని ముసలామె డ్రైవరుకు మళ్లీ మళ్లీ చెప్పిందట.

"మరి ఇప్పుడు?" అన్నాడు బాపు.

"లేడు బాపూ. మే నెలల పోయిండట. చాయ పోస్తూ పోస్తూ కెటిల్ కింద పెట్టి, ఎవలో పిలిచినట్టు చెవి పెట్టి ఇన్నడట. ఇని, గట్లనే బయటికి నడిచిండట."

ముసలామె వెనకే పోయి కేకలేసింది. అతను ఆగలేదు. బండ్లు పోయే తోవ పట్టలేదు, పైకి పోయే కాలిబాట పట్టాడు. ఆ పైన ఊర్లు లేవు, మనుషులు లేరు, మంచు ఇంకా కరగలేదు. ఏ దిక్కని బాపు అడిగాడు. ప్రణయ్ కాసేపు తటపటాయించి, దక్షిణం అన్నాడు. అటు కొండల మీద కొండలు దాటుకుంటూ వస్తే మన దేశమేనట.

అవ్వకు అర్థమైంది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె లేచి ప్రణయ్ తల మీద చేయి పెట్టింది.

"బయలెల్లిండు," అంది. "నడిచి వచ్చెటోడు గదా, జర ఆలిస్యమైతది."

ప్రణయ్ అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. పోతూ పోతూ వాకిట్లో నాతో ఒక మాట అన్నాడు, అక్కా ఆ ఫోటో ఫైలు నా కంప్యూటర్‌లోంచి తీసేసిన, నువ్వేం అనుకోకు అని.

వదినకు చెప్పాలా వద్దా అని నేను కొన్నాళ్లు పరేషాన్ అయ్యాను. చెప్పకపోతే తప్పనిపించింది. ఆగస్టులో ఒక ఆదివారం చర్చి అయ్యాక ఖానాపూర్ బస్సెక్కాను. గోదావరి నిండుగా, ఎర్రగా పోతోంది. వదిన ఇంటి ముందు మొక్కజొన్న చేను మనిషెత్తు ఉంది. డేవిడ్ పనికి పోయాడు. వదిన నన్ను చూసి ఎదురొచ్చి బ్యాగు అందుకుంది. మనిషి కొంచెం ఒళ్లు చేసింది. మిషన్ ఇంటి లోపల, కిటికీ వెలుతురులో పెట్టుకుంది.

అన్నం తిన్నాక చెప్పాను. ప్రణయ్ చెప్పినది చెప్పినట్టు చెప్పాను. వదిన అంతా విని, సూదిలోకి దారం ఎక్కించడానికి రెండుసార్లు చూసింది, ఎక్కలేదు. పక్కన పెట్టింది.

"నీకు ఎట్ల కనవడ్డడు మహిమా, ఫోటోల?"

నా మొఖంలోకే చూస్తున్నట్టు అన్నాను. అత్తమ్మకు అని అడిగింది. నవ్వుతున్నట్టు అన్నాను. వదిన తలూపింది.

"మీకంటే ముందు నేనే జూసిన. జూసిన మొదటనే గుర్తువట్టిన. నాకు మొఖం కనవడలే. వీపు కనవడ్డది. కిటికీ కాడి నుంచి లోపలికి పోతుండు."

వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని, నా వైపు కాకుండా చేను వైపు చూస్తూ చెప్పింది. పేరు నోటిదాకా వచ్చిందట. పిలిస్తే ఆగుతాడని, వెనక్కి తిరుగుతాడని ఆమెకు ఎవరో చెప్పినంత ఖాయంగా తెలిసిందట. ఆగినవాడు ఇంక లోపలికి పోలేడని కూడా తెలిసిందట. అందుకని నోరు మూసుకుని పక్కకు తప్పుకుంది.

"మరి కాదని ఎందుకన్నవ్ వదినా?"

"అవునంటే మీరంత పిలుస్తరని. ఎవలన్న ఒకలం ఆయన్ను పోనియ్యాలె గదా."

ఎవరినీ తప్పు పట్టకుండా, అత్తమ్మ పిలిచింది అంది.

డేవిడ్ వచ్చాడు. నన్ను చూసి సంతోషపడి, అవ్వ బాపులు ఎట్లున్నారని అడిగాడు. వదిన లేచి ఆయనకు నీళ్లిచ్చింది. సాయంత్రం బస్సు దాకా ఇద్దరూ వచ్చారు. బస్సు కదిలేటప్పుడు వదిన నా చేయి గట్టిగా పట్టుకుని వదిలింది. ఆమె చేయి వెచ్చగా ఉంది.

ఇంట్లో వదిన బాగుందని మాత్రమే చెప్పాను. బాపు సంతోషం అన్నాడు. అవ్వ అప్పటికే తన పీటను ముందు గది నుంచి పెరటి తలుపు దగ్గరికి మార్చుకుంది. ఉత్తరం అటే. పెరడు దాటితే పసుపు చేన్లు, వాటి అవతల గోదావరి దిక్కు పోయే బండ్ల బాట. వానలు వెలిసి, పసుపు దుంప ఊరే కాలం వచ్చినా ఆమె అక్కడే కూర్చుంటోంది. బడి నుంచి వచ్చాక నేనూ పక్కన కూర్చుంటాను. పొద్దు వాలేటప్పుడు ఆ బాట మీది నుంచి సన్నగా చల్లగాలి వస్తుంది. అప్పుడప్పుడు అవ్వ ఆ గాలిలోకి అన్న పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచి, నువ్వు కూడా పిలువు బిడ్డా, నీ గొంతు వాడికి బాగా ఎరుక అంటుంది.

గొంతు నొస్తున్నదని చెబుతాను. నేను పిలవను.